భూమి కదిలినప్పుడు రైలు కట్టను చూసేదెవరు?

ముత్యంపేట: 2025 మే 5వ తేదీ సోమవారం పొద్దు గూకే వేళ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడ, కరీంనగర్ ప్రాంతాలలో భూమి కొన్ని సెకన్లపాటు కంపించింది. ఏం జరిగిందో తెలియక జనం ఇండ్లలో నుంచి వాకిళ్లలోకి వచ్చారు. రిక్టర్ స్కేలుపై దాని తీవ్రత 3.8గా నమోదయింది. ప్రాణనష్టం జరగలేదు. నాలుగు రోజులు ఎక్కడ నలుగురు కూడినా అదే ముచ్చట నడిచింది. ఆ తరువాత వడ్ల కాంటాలు, పెండ్లిళ్లు, వానాకాలం విత్తనాల తండ్లాటలో పడి ఎవరి పని వారికి అయింది.

ఆ నాలుగు రోజులలో ఇండ్ల గోడల గురించి, బడి కప్పుల గురించి, సెల్ టవర్ల గురించి కూడా మాట్లాడుకున్నారు. కాని మల్యాల మండలం మీదుగా పోయే రైలు మార్గం ఊసు ఎత్తినవారు అరుదు. జిల్లాలో ముత్యంపేటలు రెండున్నవి. మల్లాపూర్ మండలంలోనిది చక్కెర ఫ్యాక్టరీ ముత్యంపేట. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడిన కథ వేరే. ఇక్కడ చెప్పుకునేది కొండగట్టు కింది ముత్యంపేట గురించి. అంజన్న దర్శనానికి రైలు మీద వచ్చేవారికి నూకపల్లి - మల్యాల స్టేషను దగ్గర. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ దాకా 177 కిలోమీటర్ల ఈ మార్గం కోసం మన ప్రాంతం ఎన్నేండ్లు కండ్లు కాయలు కాచేలా ఎదురు చూసిందో అందరికీ తెలిసిందే. 1993లో శంకుస్థాపన జరిగితే 2017లో గాని చివరి దాకా పట్టా పడలేదు. అంత ఆలస్యంగా వచ్చిన మార్గాన్ని మనం పదిలంగా చూసుకోవద్దా?

మొదట ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. 3.8 తీవ్రత గల భూకంపం గట్టిగా ఉన్న రైలు వంతెనను ఏమీ చేయలేదు. పట్టాలను వంచలేదు. ఆనాటి అదురుకు మన వంతెనలు పగిలాయని చెబితే అది పుకారు అవుతుంది. ప్రశ్న గట్టిగా ఉన్న వంతెన గురించి కాదు. ఇదివరకే లోపల డొల్లపడిన కల్వర్టు, ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు చేసిన కట్ట, పోయిన వానకాలంలోనే కాళ్ల కింద మట్టి కోసుకుపోయిన మోరీ, వీటి గురించి. అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో, వెళ్లి చూస్తే తప్ప తెలియదు. చూసేదెవరు, చూసినదానిని ప్రజలకు చెప్పేదెవరు అన్నదే అడగవలసిన మాట.

మన దిక్కు భూకంపాలు రావు అనే ధీమా ఇక పనికిరాదు. ఈ అదురుకు అయిదు నెలల ముందు, 2024 డిసెంబర్ 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవులలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్ దాకా తెలిసింది. అంకెలలో 3.8కి, 5.3కి తేడా ఒకటిన్నరే అనిపిస్తుంది గాని, ఈ లెక్క మన కాంటా లెక్క వంటిది కాదు. ఒక్కొక్క అంకె పెరిగితే వెలువడే శక్తి 30 రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే ములుగులో విడుదలైన శక్తి మన దగ్గరి దానికి సుమారు 180 రెట్లు. అంతకు ముందు ఈ ప్రాంతంలో ఇంతకన్నా పెద్దది 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చింది. దాని తీవ్రత 5.7. ఈ రెండూ గోదావరి లోయలోనివే. ప్రాణహిత కలిసే చోటు నుంచి భద్రాచలం దాకా నదికి ఇరువైపులా భూమి లోపల చాలా పాత పగుళ్లు ఉన్నాయి. బొగ్గు దొరికేది కూడా ఆ పగుళ్ల నడుమ కుంగిన నేలలోనే. గోదావరిఖనిలో బొగ్గు, ములుగులో భూకంపం, రెంటికీ మూలం ఒకే లోయ అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు.

ఇంకొక సంగతి. మన రైలు మార్గానికి శంకుస్థాపన జరిగిన 1993 సంవత్సరంలోనే, సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, పక్కనున్న మహారాష్ట్రలో లాతూర్ జిల్లా కిల్లారి నేలమట్టమైంది. దాదాపు 10,000 మంది నిద్రలోనే ప్రాణాలు విడిచారు. ఆనాటి ప్రభుత్వ పటంలో కిల్లారి ఉన్నది అన్నిటికన్నా తక్కువ ప్రమాదం గల ఒకటో మండలంలో. దక్కను నేల చలించదు అనే నమ్మకం ఆ ఒక్క తెల్లవారుజాముతో పోయింది. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఒకటో మండలాన్నే తీసివేసి దానిని రెండో దానిలో కలిపారు. గోదావరి లోయ వెంట ఉన్న భాగాన్ని మూడో మండలంగా చూపించారు. అంటే పెద్దపల్లి - నిజామాబాద్ మార్గానికి మొదటి గీతలు గీసింది పాత పటం కాలంలో. తరువాతి పనులలో కొత్త లెక్కలు పాటించి ఉండవచ్చు. ఏ వంతెన ఏ లెక్క ప్రకారం కట్టారో రైల్వే ఇంజనీర్ల దగ్గర కాగితం ఉంటుంది. ఆ కాగితం తీసి ఒకసారి చూడమని అడగడం తప్పు కాదు.

రైలు మార్గాలను భూకంపం ఎలా చెడగొడుతుందో మన దేశం బాగా ఎరుగును. 1897లో అస్సాంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు రైలు పట్టాలు పాము మెలికల వలె వంగాయి. అప్పటి అధికారులు తీసిన ఫోటోలు ఈనాటికీ పుస్తకాలలో కనిపిస్తాయి. 1934 జనవరి 15న బీహార్‌లో భూమి అదిరినప్పుడు గంగకు ఉత్తరాన నీటి పట్టు ఉన్న ఇసుక నేల జావ వలె మారింది. ఆ జావలోకి రైలు కట్టలు కుంగాయి, వంతెనల స్తంభాలు ఒరిగాయి, పట్టాలు గాలిలో వేలాడాయి. జపాన్‌లో కోబె నగరం దగ్గర 1995 జనవరి 17న ఉదయం 5 గంటల 46 నిమిషాలకు భూకంపం వచ్చి బుల్లెట్ రైలు నడిచే ఎత్తైన వంతెనలే పడిపోయాయి. ఆ రోజు మొదటి బుల్లెట్ రైలు బయలుదేరేది 6 గంటలకు. ఆ కొద్ది నిమిషాల తేడా లేకుంటే ఏమయ్యేదో ఊహకు అందదు. ఆ తరువాత జపాన్ వారు వంతెనల స్తంభాలకు ఉక్కు తొడుగులు వేశారు. భూమిలో మొదటి చిన్న అల తగలగానే రైలుకు కరెంటు ఆగిపోయి బ్రేకులు పడే ఏర్పాటును మరింత పెంచారు. 2011 మార్చి 11న అక్కడ 9.0 తీవ్రతతో భూకంపం వచ్చినా ప్రయాణికులతో నడుస్తున్న బుల్లెట్ రైలు ఒక్కటీ పట్టాలు తప్పలేదు.

జపాన్ ఏర్పాట్లు మల్యాలకు రావాలని ఎవరూ కోరడం లేదు. మనకు కావలసింది అంతకన్నా చాలా చిన్నది, చాలా చౌకయినది. అది తెలియాలంటే రైలు కట్టలో బలహీనమైన తావు ఎక్కడ ఉంటుందో కాస్త చూడాలి.

రైలు వంతెనలో మీద ఉండే దూలాలు స్తంభాలకు అతికించి ఉండవు. బేరింగుల మీద కూర్చుని ఉంటాయి. ఎండకు ఇనుము సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది కనుక ఆ కదలికకు చోటు ఇవ్వక తప్పదు. భూమి అడ్డంగా ఊగితే ఆ కూర్చున్న చోటు నుంచే దూలం జరుగుతుంది. ఇక వంతెన చివరి గోడ, దానిని ఆనుకుని మొదలయ్యే మట్టి కట్ట, ఈ రెండూ కలిసే చోటు అన్నిటికన్నా నాజూకు. గోడ రాయి, కాంక్రీటు. కట్ట మట్టి. ఊగినప్పుడు రెండూ ఒకే తీరుగా ఊగవు. రాయి నిలబడుతుంది, మట్టి సర్దుకుంటుంది. ఒక అంగుళం కుంగినా పైన పట్టా అట్లాగే ఉన్నట్లు కనిపిస్తుంది, కింద కంకర మాత్రం సందు చేస్తుంది. రైలు బరువు పడినప్పుడే ఆ సందు బయటపడుతుంది.

పట్టా పూర్తిగా విరిగితే కరెంటు తెగి సిగ్నల్ ఎర్రబడే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. కట్ట కుంగితే మాత్రం సిగ్నల్‌కు ఏమీ తెలియదు. పచ్చ దీపం పచ్చగానే వెలుగుతూ ఉంటుంది.

మే నెల అనేది కూడా గుర్తు పెట్టుకోవాలి. వెనుకటి రోజులలో పట్టా పట్టాకు నడుమ సందు ఉండేది, రైలు పోతుంటే టకటకమని చప్పుడు వచ్చేది. ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికిస్తున్నారు. ప్రయాణం సాఫీగా ఉంటుంది, పట్టా మన్నిక పెరుగుతుంది, మంచిదే. కాని మన ఎండలకు ఆ పొడవాటి ఇనుము సాగాలని చూస్తుంది, సాగడానికి జాగా ఉండదు. దానిని పక్కకు వంగకుండా అదిమి పట్టి ఉంచేవి స్లీపర్లు, వాటి చుట్టూ గట్టిగా కూరిన కంకర. కంకర కదిలితే ఆ పట్టు సడలుతుంది. నడి వేసవిలో భూమి అదరడం, చలికాలంలో అదరడం రైలు పట్టాకు ఒకటి కాదు. కనుక మే నెలలో అదురు వచ్చిన మరునాడు మధ్యాహ్నం ఎండలో కంకరను చూసి రావడం అవసరమైన పని. పట్టా వెంట రోజూ సుత్తె, పానా పట్టుకుని నడిచే కీమన్‌కు ఇది తెలియనిది కాదు. ఆయనకు ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు అప్పగించారు, వెంట ఇంకెవరినైనా పంపారా అన్నదే సంగతి.

ఇంతవరకు తెలంగాణలో భూకంపం వల్ల రైలు వంతెన కూలి జనం చనిపోయిన దాఖలా లేదు. కాని వంతెనలు తెగి జనం చనిపోయిన దాఖలాలు ఉన్నాయి. తెంచింది నీరు. 1954 సెప్టెంబర్‌లో జనగామ ప్రాంతంలో వాగు పొంగి వంతెన తెగగా రైలు పడిపోయి వంద మందికి పైగా చనిపోయారు. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర జరిగింది ఇప్పటి నడివయసు వారందరికీ గుర్తుండే ఉంటుంది. ఎగువన చెరువు తెగింది. ఆ నీరు వచ్చి ఒక చిన్న వంతెనను ఊడ్చుకుపోయింది. తెల్లవారుజామున డెల్టా ప్యాసింజర్ వచ్చి ఆ గండిలో పడింది. 114 మంది మరణించారు. అది గోదావరి మీది పెద్ద వంతెన కాదు. పేరు కూడా ఎవరికీ తెలియని చిన్న వంతెన. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం - ఇంటికన్నె నడుమ అదే తీరుగా కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో తోరణం వలె వేలాడిన ఫోటోలు దేశమంతా చూసింది. అప్పుడు రైళ్లను ముందే ఆపడం వలన ప్రాణాలు దక్కాయి.

భూకంపానికీ, వరదకూ ఉన్న సంబంధం ఇక్కడే ఉంది. మన భూకంపాలు వంతెనను ఒక్క దెబ్బతో కూల్చేంత పెద్దవి కావు. అవి ఒక వెంట్రుకవాసి పగులు పెట్టి ఊరుకోవచ్చు. ఆ పగులులోకి మృగశిర కార్తెలో మొదటి వాన దిగుతుంది. నల్లరేగడి నేల అయితే ఎండాకాలం ఎట్లాగూ నోళ్లు తెరిచి ఉంటుంది, ఏది ఎండ పగులు, ఏది అదురు పగులు అని పోల్చుకోవడం కూడా కష్టమే. ఆశ్లేష, మఖ కార్తెల దాకా నీరు లోపల తిరిగి తిరిగి మట్టిని తోడుతుంది. ఆఖరుకు ఒక రాత్రి మోరీ కూర్చుంటుంది. అప్పుడు పేరు వరదకు వస్తుంది, భూకంపాన్ని ఎవరూ తలవరు. మే 5న భూమి అదిరింది. వానకాలం నెల రోజుల దూరంలోనే ఉండె. అందుకే మన వంటి జిల్లాలో భూకంపం తరువాత చేసే తనిఖీ, వానకాలం ముందు చేసే తనిఖీ రెండూ ఒకటిగా సాగాలి.

ఇక చెరువుల సంగతి. రైలు కట్టకు ఎగువన ఉండి, తెగితే రైలు మార్గానికి ముప్పు తెచ్చే చెరువుల జాబితా ఒకటి రైల్వే వారి దగ్గర ఉంటుంది. రైల్వే ఇంజనీర్లు, నీటిపారుదల శాఖ ఇంజనీర్లు కలిసి వానలకు ముందు వాటిని చూడాలన్నది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. వలిగొండ తరువాత ఆ పద్ధతికి ఎంత విలువ ఉందో అందరికీ తెలిసింది. ఈ జాబితా గురించి మన గ్రామ పంచాయతీలలో ఎందరికి తెలుసు? మన ఊరి చెరువు ఆ జాబితాలో ఉందో లేదో సర్పంచ్‌కు తెలియాలా వద్దా? మిషన్ కాకతీయలో పూడిక తీసిన తరువాత, కాలువ నీళ్లు వచ్చిన తరువాత చెరువులు వెనుకటికన్నా ఎక్కువ నెలలు నిండుగా ఉంటున్నాయి. ఎండిన చెరువు కట్ట అదిరితే వేరు, నీళ్లు నిండి నానిన కట్ట అదిరితే వేరు. మత్తడి దగ్గర రాళ్లు కదిలాయా, తూము పక్కన ఊట పెరిగిందా అన్నది రోజూ చెరువు మీద తిరిగే నీరటికి, పశువుల కాపరికి తెలిసినంతగా జిల్లా కేంద్రంలో కూర్చున్న అధికారికి తెలియదు. ఊట నీరు తేటగా వస్తే అంత భయం లేదు. మట్టి రంగులో వస్తే లోపల కట్ట కరుగుతున్నదని అర్థం. ఈ ఒక్క ముక్క తెలిసిన మనిషి ఊరికి ఒకడు చాలు.

రైల్వే వారు ఏమీ చేయడం లేదని అనడం అన్యాయం అవుతుంది. ఎర్రటి ఎండలో, కుండపోత వానలో పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మన్ల కష్టం ఈ మార్గం పక్క పొలాల వారందరూ చూస్తూనే ఉన్నారు. వానకాలం రాత్రులు దీపం పట్టుకుని గస్తీ తిరుగుతారు. ఫిర్యాదు ఒక్కటే. భూమి అదిరిన తరువాత ఏ వంతెన చూశారు, ఏ తేదీన చూశారు, ఏం కనిపించింది అన్నది కట్ట పక్కన బతికే ప్రజలకు చెప్పే ఆనవాయితీ లేదు. ఏమీ కాలేదు అన్నా చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే పుకారు చెబుతుంది. మే నెలలో సెల్ ఫోన్లలో తిరిగిన రకరకాల కబుర్లు అందుకు సాక్ష్యం. రేపు రాత్రికి ఇంకా పెద్దది వస్తుందట అని ఒకరు, ఫలానా ఊళ్లో భూమి చీలిందట అని మరొకరు. భూకంపం ఏ తేదీన వస్తుందో ముందుగా చెప్పగల శాస్త్రం ప్రపంచంలో ఎక్కడా లేదు.

కొండగట్టు కింది వారికి ఈ విషయంలో ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబర్ 11న ఘాట్ రోడ్డు మీద బస్సు లోయలో పడి అరవై మంది దాకా చనిపోయారు. ఒక్కొక్క ఊరి నుంచి పదేసి శవాలు లేచిన రోజు అది. ఆ మలుపు మంచిది కాదని ఈ చుట్టుపక్కల తెలియని వారు లేరు. ప్రమాదం జరిగిన తరువాత అధికారులు వచ్చారు, కొలతలు తీశారు, విచారణలు జరిపారు. ఆ కొలతలు అంతకు నెల ముందు తీసి ఉంటే ఎంత బాగుండేది!

సిరిసిల్ల వైపు వారికి ఇంకొక అవకాశం ఉంది. మనోహరాబాద్ నుంచి గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబర్‌లో సిద్దిపేట దాకా రైలు వచ్చింది. సిద్దిపేట నుంచి ఇటు వైపు కట్టే కట్టలు, మోరీలు, మానేరు నీళ్ల మీది వంతెన, ఇవన్నీ 2024, 2025 అదురుల తరువాత కట్టేవి. కట్టిన వంతెనకు తరువాత తొడుగు వేయడం కన్నా కట్టేటప్పుడే దూలం జారకుండా అడ్డు పెట్టడం ఎంతో చవక. స్తంభం మీద దూలం కూర్చునే జాగాను ఒక అడుగు వెడల్పు చేయడం, అడ్డంగా జరగకుండా కాంక్రీటు దిమ్మెలు పెట్టడం, గోడ వెనుక మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టడం, ఇవి ఇంజనీర్లకు కొత్త విద్యలు కావు. ఇందులో మూడోదే మన దగ్గర ఎక్కువ అనుమానం. కంట్రాక్టర్లకు తొందర, బిల్లులకు తొందర, మట్టికి మాత్రం తొందర ఉండదు. ఒక్క వానకాలం కూడా చూడని కట్ట మీద రైలు నడిపే ముందు ఆ దిమ్మిస పరీక్షల కాగితాలు బయటపెట్టాలని సిరిసిల్ల, వేములవాడ ప్రజాప్రతినిధులు అడగాలి. భూమి పోగొట్టుకున్న రైతులకు ఆ మాత్రం తెలుసుకునే హక్కు ఉంది.

దక్షిణ మధ్య రైల్వే వారిని, జిల్లా కలెక్టర్లను కోరవలసినది పెద్దగా ఏమీ లేదు. ఎంత చిన్న అదురు వచ్చినా, జనానికి తెలిసేంత వస్తే చాలు, రెండు రోజులలో పెద్దపల్లి నుంచి నిజామాబాద్ దాకా ఉన్న ప్రతి కల్వర్టును, వంతెన చివరి గోడను చూడాలి. పెద్ద వంతెనలను ఇంజనీర్లు ఎట్లాగూ చూస్తారు, మోరీలనే మరుస్తారు. చూసిన తేదీ, కనిపించిన సంగతి తెలుగులో రాసి నూకపల్లి, లింగంపేట, కోరుట్ల, మెట్‌పల్లి స్టేషన్ల బోర్డుల మీద అంటించాలి. ఎగువ చెరువుల జాబితాను సంబంధిత పంచాయతీలకు పంపాలి, కలిసి చేసే తనిఖీ రోజున సర్పంచ్‌ను, నీరటిని వెంట తీసుకుపోవాలి.

గ్రామస్తుల వంతు కూడా కొంత ఉంది. అదురు వచ్చిన తరువాత గాని, పెద్ద వాన తరువాత గాని రైలు కట్ట పక్క పొలానికి పోయినవారు కట్ట వైపు ఒకసారి చూడాలి. కట్ట పొడవునా కొత్తగా పగులు గీత కనబడినా, కంకర పక్కకు జారినా, పట్టా వంకరగా తోచినా, మోరీలో నీరు సుడి తిరిగి మట్టి రంగులో వస్తున్నా వెంటనే దగ్గరి గేటు కాపలాదారుకో, స్టేషన్ మాస్టరుకో చెప్పాలి. గేటు దూరమైతే సెల్ ఫోన్ నుంచి 139కి చేసి ఏ స్టేషనుకు, ఏ స్టేషనుకు నడుమనో, పక్కన రాయి మీద కిలోమీటరు అంకె ఎంత ఉందో చెప్పాలి. ఆ అంకె చెబితేనే సిబ్బంది వెతుక్కోకుండా వస్తారు. పట్టా మీదికి ఎక్కి చూడరాదు. రైలు వస్తుంటే ఎర్ర గుడ్డ, చీకట్లో అయితే దీపం, అడ్డంగా ఊపుతూ కట్ట పక్కన దూరంగా పరుగెత్తడం డ్రైవర్‌కు తెలిసే గుర్తు. కట్ట మీద మట్టి తవ్వుకుపోయేవారు, మోరీకి అడ్డం మట్టి వేసి పొలానికి నీరు మళ్లించుకునేవారు మన ఊళ్లలోనే ఉన్నారు. వారిని ఆపవలసింది కూడా ఊరి పెద్దలే.

కలెక్టరేట్లలో ప్రతి సోమవారం ప్రజావాణి జరుగుతున్నది. మల్యాల, కొడిమ్యాల, జగిత్యాల, మేడిపల్లి, కోరుట్ల మండలాలలో రైలు మార్గం పోయే ఊళ్ల పంచాయతీలు తమ చెరువు పేరు, రైలు మోరీ ఉన్న చోటు, ఇప్పుడు అది ఎట్లా ఉందో రాసి తీర్మానం చేసి ఒక నకలు కలెక్టర్‌కు, ఒక నకలు స్టేషన్ మాస్టర్ ద్వారా రైల్వే ఇంజనీర్లకు అందజేస్తే, జాబితాతో సరిపోల్చుకునే పని వారి మీద పడుతుంది. రోహిణి కార్తె లోపలనే ఆ కాగితం అందాలి.